మూడు వంటిళ్ల ఫోను

వెల్డా బ్రొకమైయర్ వంటింట్లో గోడకి రెండు ఫోన్లు ఉండేవి. నల్లది అందరిళ్లలో ఉండేలాంటిదే. ఎర్రదానికి మాత్రం నంబర్లు తిప్పే చక్రం ఉండదు. దాని నుంచి ఎవరికీ ఫోను చెయ్యడానికి కుదరదు. అది మోగిందంటే హార్లన్ క్రీక్‌లో ఎక్కడో ఏదో అంటుకుందని అర్థం.

ఎర్ర ఫోను పక్కనే గోడలో రూపాయి బిళ్లంత బటన్ ఉంది. దాన్ని నొక్కితే మైలున్నర దూరంలో ఉన్న ఫైర్ స్టేషన్ కప్పు మీద సైరన్ కూస్తుంది. బటన్ పైన చీఫ్ స్ట్రౌట్‌మన్ స్వయంగా రాసి అంటించిన కాగితం ఉంది. "ముందు అడ్రస్. తర్వాత సైరన్." ఆరేళ్ల వంటింటి ఆవిరికి ఆ కాగితం పసుపు రంగుకి తిరిగింది గానీ అక్షరాలు చెదరలేదు.

ఊళ్లో ఎవరు ఫైర్ నంబరు తిప్పినా మూడిళ్లలో ఒకేసారి మోగుతుంది. వెల్డా ఇంట్లో, లుసిల్ ఫ్రిట్జ్ ఇంట్లో, మోరీన్ టేబర్ ఇంట్లో. ముగ్గురూ ఎత్తుతారు. ఎవరు ముందు "ఫైర్ డిపార్ట్‌మెంట్" అంటే ఆ కాల్ వాళ్లది. మిగతా ఇద్దరూ నోరు మూసుకుని వినాలి, అడ్రస్ తమ నోట్‌బుక్కులో రాసుకోవాలి. మాట్లాడేవాళ్లు అడ్రస్ రాసుకుని, తిరిగి చదివి, అప్పుడు సైరన్ నొక్కాలి. సైరన్ విని ఎవరి పని వాళ్లు వదిలేసి మగవాళ్లు స్టేషన్‌కి పరుగెత్తుకొస్తారు. ముందు వచ్చినవాడు అక్కడ గోడ మీద ఉన్న, అదే లైను ఫోను ఎత్తి "ఎక్కడ?" అంటాడు. చెప్పింది పలక మీద సుద్దముక్కతో రాసి ఇంజన్ ఎక్కుతాడు. వెనకొచ్చినవాళ్లు పలక చూసి తమ కార్లలో వెళ్తారు.

ముందు అడ్రస్ ఎందుకో వెల్డాకి బాగా తెలుసు. స్టేషన్‌కి దగ్గరగా ఉన్నవాళ్లకి సైరన్ వినిపిస్తుంది. వినిపించగానే "హమ్మయ్య, వచ్చేస్తున్నారు" అనుకుని ఫోను అక్కడ పడేసి పరుగెడతారు. ఎక్కడికి వస్తున్నారో చెప్పలేదన్న సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాదు. ఆమె ఈ పనిలో చేరకముందు ఒకసారి అలాగే జరిగింది. తొమ్మిదిమంది మగవాళ్లు ఇంజన్ స్టార్టు చేసుకుని, పొగ ఎక్కడ లేస్తుందా అని ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డారట.

ఎర్ర ఫోనున్న ఇంట్లో ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. బట్టలారేయడానికి పెరట్లోకి వెళ్తే కిటికీ తెరిచి వెళ్లాలి. కొట్టుకెళ్లాలంటే మిగతా ఇద్దరిలో ఒకరికి నల్ల ఫోనులో చెప్పాలి. "ఫోను నీది" అనాలి. అవతలివాళ్లు "ఫోను నాది" అనేదాకా చెప్పులేసుకోకూడదు. ఆరేళ్లుగా వెల్డా లుసిల్‌ని అడగకుండా తలస్నానం చెయ్యలేదు. కేకు పిండి కలిపే మిషన్ చప్పుడులో ఫోను వినిపించదేమోనని చేత్తోనే కలుపుతుంది. దానివల్ల ఆమె కుడి భుజం ఎడమదానికంటే కాస్త లావైంది. మొగుడు క్లీటస్ దాన్ని చూసి నవ్వుతాడు. ఆమెకి మాత్రం ఆ భుజమంటే గర్వం.

ఆ గర్వానికి ఇంకో కారణం ఉంది. పదిహేనేళ్ల కిందట వెల్డా వాళ్ల నాన్న ఒట్టో ఆవుల కొట్టం కాలిపోయింది. పక్క ఊరి ఫైరింజన్ వాగు మీద వంతెన దాకా వచ్చి ఆగిపోయింది. వంతెన ఇవతలి పక్క వాళ్ల హద్దు కాదు. ఇంజన్ మీద మనుషులు టోపీలు పెట్టుకుని నిలబడి చూశారు. ఇరవై రెండు ఆవులు పోయాయి. తరువాతి వసంతంలో చుట్టుపక్కల రైతులంతా ఓటేసి, తమ హద్దుకి తామే ఇంజన్ నడుపుకునేలా హార్లన్ క్రీక్ ఫైర్ డిస్ట్రిక్ట్ పెట్టుకున్నారు. కాగితం మీద మొదటి సంతకం ఒట్టోది. కాలిన కొట్టం ఫోటో ఇప్పటికీ స్టేషన్ గోడకి ఉంది. దాని అద్దం తుడవడం వెల్డా పని. ఎవరూ అప్పగించలేదు, ఎవరినీ తుడవనివ్వదు.

మరి మోరీన్ టేబర్ ఎవరు? రెండేళ్ల కిందట కాన్సాస్ సిటీ నుంచి వచ్చి క్లోవర్ లేన్‌లో కొత్త ఇల్లు కొనుక్కున్న మనిషి. క్లోవర్ లేన్ అంటే ఒట్టో ఆవులు మేసిన మైదానమే. ఆయన పోయాక అమ్మేశారు. ఇప్పుడక్కడ ఒకే అచ్చులో పోసినట్టు అరవై ఇళ్లు, ఒక్కో ఇంటి ముందు ఒక్కో బక్క మొక్క. వెల్డా ఆ వీధుల్లోకి ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు. కొత్త ఇళ్లు పెరిగాయి కాబట్టి అటువైపు కూడా ఒక ఎర్ర ఫోను ఉండాలని చీఫ్ అన్నాడు. మోరీన్ మొగుడు డేల్ అప్పటికే ఫైర్‌మన్‌గా చేరాడు. మోరీన్ పెళ్లికి ముందు పదకొండేళ్లు టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటర్. ఇంకేం కావాలి?

"మోరీన్ గొంతు వింటే సగం మంట అక్కడే చల్లారిపోతుందట," అన్నాడు క్లీటస్ ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర. "మంగలి షాపులో అందరూ ఇదే మాట."

"మిగతా సగం ఎవరు ఆర్పుతారట? ఆవిడే వచ్చి ఉఫ్‌మని ఊదుతుందా?"

"నేనన్లేదే. వాళ్లన్నారు."

"వాళ్లన్నప్పుడు నువ్వు నవ్వావా లేదా?"

క్లీటస్ ఉడికిన బంగాళాదుంప ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

నిజానికి ఆ గొంతు బాగుంటుందని వెల్డాకీ తెలుసు. అదే ఆమె బాధ. "ఫైర్ డిపార్ట్‌మెంట్, చెప్పండి," అని మోరీన్ అంటే చలిలో ఎవరో దుప్పటి కప్పినట్టుంటుంది. అప్పటిదాకా కేకలు పెడుతున్న మనిషి ఊపిరి పీల్చుకుంటాడు. ఇంటి నంబరు అంకె అంకె విడదీసి చెప్తాడు. వెల్డా అడిగితే అదే మనుషులు ఇంకా గట్టిగా అరుస్తారు. తన గొంతు బరబరా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఆవుల్ని అదిలించిన గొంతు అది.

ఆ సంవత్సరం వేసవిలో కొత్త ఫైర్ స్టేషన్ కట్టడం మొదలుపెట్టారు. అందులో రేడియో గది ఉంటుంది. పగలంతా అక్కడ ఒక మనిషి కూర్చుని అన్ని కాల్సూ తీసుకోవాలి. ముగ్గురాడవాళ్లలో ఒకరికే ఆ కుర్చీ. ఆ కుర్చీ బొమ్మ కేటలాగులోంచి చింపి పాత స్టేషన్‌లో నోటీసు బోర్డుకి గుచ్చారు. ఆకుపచ్చ తోలు, కింద చక్రాలు, చేతులానించుకోవడానికి చెక్క పట్టీలు. వెల్డా కొట్టం ఫోటో తుడవడానికి వెళ్లినప్పుడల్లా ఆ బొమ్మ ముందు ఆగేది.

"అక్టోబరు ఆఖరి ఆదివారం చెప్తాను," అన్నాడు చీఫ్. పైపుల షాపు నడుపుకునే మనిషి, ఆచితూచి మాట్లాడతాడు. "మీ ముగ్గురి నోట్‌బుక్కులూ చదివి చెప్తాను."

ఆ రోజు నుంచి వెల్డా నోట్‌బుక్కు అంచున నక్షత్రాలు వెయ్యడం మొదలుపెట్టింది. తను ముందు మాట్లాడిన కాల్‌కి ఒక నక్షత్రం. మోరీన్ ముందు మాట్లాడినదానికి చిన్న చుక్క. సెప్టెంబరులో పంతొమ్మిది కాల్స్ వచ్చాయి. నక్షత్రాలు ఆరు, చుక్కలు పన్నెండు. ఒక్కటి లుసిల్‌ది. అరవై దాటిన లుసిల్ మోకాళ్ల నొప్పితో కుర్చీలోంచి లేచి ఫోను దాకా వచ్చేసరికి సాధారణంగా మిగతా ఇద్దరూ పని మొదలుపెట్టేసి ఉంటారు.

"ఏమే వెల్డా, మొన్న మొదటి గంట పూర్తిగా మోగకముందే ఎత్తేశావు," అంది లుసిల్ నల్ల ఫోనులో. "ఫోను పక్కనే మంచం వేసుకున్నావేంటే?"

"వంట చేస్తున్నా, దగ్గరే ఉన్నా."

"ఉన్నావులే. ఆ పిల్ల కూడా అంతే. ఇద్దరూ పందెం కోళ్లలా ఉన్నారు. సరే విను, జుట్టుకి రంగేసుకుంటున్నా. గంటసేపు ఫోను నీది."

"ఫోను నాది," అంది వెల్డా. లుసిల్ మాటకి ఆమెకి కోపం రాలేదు. మోరీన్ కూడా పందెం వేస్తోందన్న ఆలోచనే రాలేదు. అంత తియ్యటి గొంతున్న మనిషికి పందెం అవసరమేముంది?

అక్టోబరు మూడో మంగళవారం మధ్యాహ్నం వెల్డా ఆపిల్ పళ్లు తరుగుతోంది. బయట ఎండ, వీధి పొడవునా జనం రాలిన ఆకులు కాల్చుకుంటున్న వాసన. ఎర్ర ఫోను మోగింది.

కత్తి ఎక్కడ పడిందో ఆమెకి తెలీదు. ఒక చేత్తో ఫోను ఎత్తింది. రెండో చెయ్యి దానంతటదే బటన్ మీదికి వెళ్లింది. సైరన్ ఎవరు ముందు మోగించారో నోట్‌బుక్కుల్లో నిమిషాలతో సహా ఉంటుంది. చీఫ్ చదువుతాడు. ఈ ఒక్కటైనా.

"ఫైర్ డిపార్ట్‌మెంట్!"

"మా కింద గదిలో పొగ," అంది ఒక ఆడగొంతు. చిన్న వయసు. "నల్లటి పొగ... పాప పైన నిద్రపోతోంది, నేను..."

వెల్డా బటన్ నొక్కింది.

మైలున్నర అవతల కూత మొదలైంది. ఆ కూత ఆమెకి రెండు చెవుల్లోనూ వినిపించింది. కిటికీలోంచి సన్నగా, ఫోనులోంచి గట్టిగా. అంటే పిలిచినావిడ ఇల్లు స్టేషన్‌కి బాగా దగ్గర.

"అయ్యో దేవుడా, అప్పుడే వస్తున్నారు! థాంక్యూ, థాంక్యూ!" అంది ఆ గొంతు. ఫోను దేనికో తగిలి దబ్బున పడింది. అడుగుల చప్పుడు దూరమైంది.

"హలో! అమ్మా! అడ్రస్! అడ్రస్ చెప్పమ్మా!"

ఎవరూ లేరు. లైను మాత్రం తెరిచే ఉంది. ఎక్కడో ఖాళీ గది గాలి వినిపిస్తోంది.

"హలో! హలో!" వెల్డా అరుస్తూనే ఉంది. ఆమె కళ్ల ముందు పసుపుపచ్చ కాగితం ఉంది. ముందు అడ్రస్.

స్టేషన్ గోడ మీది ఫోను ఎవరో ఎత్తారు. క్లీటస్ పనిచేసే దాణా కొట్టు స్టేషన్‌కి ఎదురుగానే. కాబట్టి ముందొచ్చింది అతనే. రొప్పుతున్నాడు.

"ఎక్కడ?"

వెల్డా నోట్‌బుక్కుకేసి చూసింది. అడ్రస్ ఉండాల్సిన చోట ఖాళీ.

"వెల్డా? నువ్వేనా? ఎక్కడే?"

"చెప్పలేదు," అంది వెల్డా. "ఫోను పడేసి వెళ్లిపోయింది. క్లీటస్, పైన పాప ఉంది. హలో! అమ్మా!"

"వెల్డా, అరవకండి." అది మోరీన్ గొంతు. దుప్పటి కప్పే గొంతు కాదు, గట్టిగా ఉంది. "ఒక్క క్షణం ఎవరూ మాట్లాడకండి. వినండి."

అందరూ విన్నారు. తెరిచి ఉన్న లైనులో చిన్న చెక్క తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత గడియారంలోని చెక్క కోయిల కూసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెల్డా వంటింటి గడియారంలో అప్పుడు రెండుంపావు.

"ముప్పై ఒకటి, క్లోవర్ లేన్," అంది మోరీన్. "ఐరీన్ కోవాక్ ఇల్లు. ఆ గడియారం ఎప్పుడూ తప్పే కూస్తుంది. క్లీటస్, ముప్పై ఒకటి. మూడు, ఒకటి."

"మూడు, ఒకటి," అన్నాడు క్లీటస్. సుద్దముక్క పలక మీద గీసుకున్న చప్పుడు కూడా వెల్డాకి వినిపించింది.

క్లీటస్ సాయంత్రం ఇంటికొచ్చాడు. చొక్కా నిండా పొగ వాసన. చేతులు కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"పాప బాగానే ఉంది," అన్నాడు. "తల్లి ఎత్తుకుని బయటికొచ్చేసింది. కింద గదిలో బాయిలర్ పక్కన నూనె గుడ్డలు పెట్టారు. గది మొత్తం పోయింది. మెట్లు సగం కాలాయి." తువ్వాలు మడిచి పెట్టాడు. "అడ్రస్ లేకుండా ఎందుకు నొక్కావు?"

"వేలు జారింది."

క్లీటస్ ఆమె వైపు చూశాడు. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది వెల్డాకి.

ఆ రాత్రి నోట్‌బుక్కు తెరిచి "2:14, ఫోను ఎత్తాను" అని రాసి, పెన్ను పక్కన పెట్టేసింది. పాప గురించి తలుచుకుని, లేచి కిటికీ తెరిచింది. మళ్లీ వచ్చి కూర్చున్నాక, సిగ్గులేకుండా ఇంకో ఆలోచన వచ్చింది. మోరీన్‌కి ఆ గడియారం సంగతి ఎలా తెలుసు? ఆ ఇంట్లో కూర్చుని కాఫీ తాగి ఉంటుంది. అరవై ఇళ్లలోనూ తాగి ఉంటుంది. మా నాన్న మైదానంలో ఉన్న ఇల్లు దానికి తెలుసు, నాకు తెలీదు. ఇప్పుడు దాని నోట్‌బుక్కులో అంతా ఉంటుంది. "వెల్డా నొక్కింది, నేను కాపాడాను" అని. ఆ ఆకుపచ్చ కుర్చీలో కూర్చుని అది "ఫైర్ డిపార్ట్‌మెంట్, చెప్పండి" అంటుంది.

శనివారం దాకా ఓర్చుకుంది. ఆదివారం నోట్‌బుక్కులు ఇవ్వాలి. శనివారం మధ్యాహ్నం నల్ల ఫోను ఎత్తింది.

"లుసిల్, ఫోను నీది."

"ఎక్కడికే?"

"ఇక్కడికే. కేకు పెనం ఇచ్చి రావాలి."

"ఎవరి పెనం?"

"అబ్బా, ఫోను నీదా కాదా?"

"నాదేలే, వెళ్లు," అంది లుసిల్.

పెనం మోరీన్‌దే. జులైలో ఫైర్ డిపార్ట్‌మెంట్ చేపల విందుకి అందులో వెన్న కేకు చేసి తెచ్చింది. వెల్డా కేకు సగం మిగిలిపోయింది, మోరీన్‌ది మొదటి అరగంటలో అయిపోయింది. ఖాళీ పెనం పొరపాటున వెల్డా కారులోకి వచ్చింది. మూడు నెలలుగా అల్మారాలో వెనక పెట్టి ఉంచింది.

క్లోవర్ లేన్‌లో కారు ఆపి దిగింది. కాళ్ల కింద సిమెంటు బాట. దాని కింద ఎక్కడో నాన్న మైదానం. మోరీన్ ఆప్రన్‌తోనే తలుపు తీసింది. ముఖంలోని ఆశ్చర్యాన్ని దాచుకోలేకపోయింది.

"వెల్డా! రండి, లోపలికి రండి."

"పెనం ఇద్దామని వచ్చా."

"అయ్యో, దాని సంగతి నేనెప్పుడో మర్చిపోయా."

మర్చిపోయావా, అనుకుంది వెల్డా. నాకు మాత్రం అల్మారా తెరిచినప్పుడల్లా కనబడింది.

వంటింట్లో ఎర్ర ఫోను ఉంది. పక్కన బటన్, పైన చీఫ్ కాగితం. ఇంకా తెల్లగానే ఉంది. బల్ల మీద నోట్‌బుక్కు తెరిచే ఉంది. మోరీన్ కాఫీ పోయడానికి అటు తిరగ్గానే వెల్డా కళ్లు దాని మీద పడ్డాయి. తలకిందులుగానైనా చదవగలిగింది. మంగళవారం. 2:14, ఫోను. 2:16, అడ్రస్. మధ్యలో సైరన్ అని ఉన్నచోట ఖాళీ.

"సైరన్ టైము రాయలేదే?" అంది వెల్డా. చదివానని ఒప్పుకుంటున్నానన్న ధ్యాస కూడా లేదు.

మోరీన్ చేతిలో కాఫీ కెటిల్ ఆగింది. "గుర్తు లేదండీ."

"గుర్తు లేకపోవడమేంటి? పదకొండేళ్లు టెలిఫోన్ ఆఫీసులో చేశారు. చీమ తుమ్మినా టైము రాస్తారు మీరు."

"నిజంగానే..."

"నా మీద జాలి పడుతున్నారా?" వెల్డా గొంతు లేచింది. "మీ జాలి నాకొద్దు. కేకు మీదే బాగుండాలి, గొంతు మీదే బాగుండాలి, ఇప్పుడు మంచితనం కూడా మీదేనా? నాకేం మిగల్చరా?"

మోరీన్ కెటిల్ కింద పెట్టింది. నోట్‌బుక్కు తీసి వెల్డా వైపు తిప్పింది. ఒక పేజీ వెనక్కి తిప్పింది. ఇంకొకటి. అంచున పెన్సిలుతో సన్నగా అక్షరాలు ఉన్నాయి. 'మో', 'వె', 'మో', 'మో', 'వె'. పేజీ కింద కూడికలు కూడా. ఒకచోట 'వె' పక్కన కోపంగా రెండు గీతలు.

వెల్డా చాలాసేపు చూసింది.

"నువ్వు కూడానా?" అంది. మీరు అనడం అప్పుడే ఎక్కడో జారిపోయింది.

"మా డేల్ ఇంటికొచ్చి ఏమంటాడో తెలుసా?" మోరీన్ కుర్చీలో కూలబడింది. "వెల్డా అయితే ఊళ్లో ప్రతి పొలం గట్టూ ఎవరిదో చెప్తుంది. వెల్డా అయితే వాళ్ల నాన్న ఫోటో గోడ మీద ఉంది. వెల్డా అయితే ఆరేళ్లలో ఊరు దాటలేదు. వెల్డా, వెల్డా! నేనెంత బాగా మాట్లాడినా కొత్తదాన్నే. మొన్న ఫోను కోసం పరుగెత్తి ఓవెన్‌లో మాంసం బొగ్గు చేశా. ఇంట్లోనే ఫైర్ కాల్ వచ్చేది."

వెల్డాకి నవ్వు రాబోయింది. ఆపుకుంది. "అయినా టైము ఎందుకు రాయలేదు?"

మోరీన్ గోడ మీది బటన్ వైపు చూసింది. "మంగళవారం నా వేలు కూడా దాని మీదే ఉంది. ఆ పిల్ల పొగ అనగానే నొక్కబోయా. నువ్వు అరసెకను ముందు నొక్కావు. అంతే తేడా. నీ టైము రాస్తే నా వేలు సంగతి కూడా రాయాలి. రాయబుద్ధి కాలేదు."

లేచి రెండు కప్పుల్లో కాఫీ పోసింది. వెల్డా కాఫీ తాగింది. కాఫీ కూడా బాగుంది. అందుకు ఆమెకి మళ్లీ కొంచెం మండింది.

"పెన్సిలుందా?" అంది. "2:14 అని రాయి. నేనూ ఇంటికెళ్లి రాస్తా. నీ దగ్గర ఖాళీ ఉండి చీఫ్ నన్నే అడిగితే, నా తప్పు నేను నీ ముందు నోటితో చెప్పుకోవాల్సొస్తుంది. నాకది ఇష్టం లేదు."

"నా వేలు?"

"అది నీ ఇష్టం. నేనేం అడగను."

గుమ్మం దాకా వచ్చి మోరీన్ అంది. "ఐరీన్ ఇల్లు నాలుగిళ్ల అవతలే. చూస్తావా? పాపని అందరికీ చూపిస్తోంది."

వెల్డా ఒక్క నిమిషం ఆలోచించింది. "ఫోను లుసిల్‌ది," అంది. "ఆ మోకాళ్లతో ఎంతసేపని చూస్తుంది?" అని కారెక్కింది. కానీ ముప్పై ఒకటి ముందు కారు నెమ్మది చేసింది. కిటికీలో ఎవరో పసిపిల్లని భుజానేసుకుని అటూ ఇటూ నడుస్తున్నారు. కింద గది కిటికీ చుట్టూ గోడ నల్లగా ఉంది.

ఇంటికెళ్లి నోట్‌బుక్కు నింపింది. "2:14, సైరన్ నొక్కాను. అడ్రస్ అడగలేదు. 2:16, మోరీన్ అడ్రస్ చెప్పింది." పెన్ను మూత పెట్టింది. కుర్చీ పోయినట్టే. ఆకుపచ్చ తోలు, చక్రాలు, అన్నీ.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ పాత స్టేషన్‌లో కాఫీకి చేరారు. ఇంజన్ పక్కన మడత బల్ల మీద డోనట్లు పెట్టారు. చీఫ్ మూడు నోట్‌బుక్కులూ ముందు పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, మంగళవారం పేజీలు గట్టిగా చదివాడు. ముందు వెల్డాది. తన గొంతు కాకుండా చీఫ్ గొంతులో వింటుంటే అది ఇంకా ఘోరంగా ఉంది. ఆమె కొట్టం ఫోటో వైపు చూస్తూ కూర్చుంది.

తర్వాత మోరీన్‌ది. "2:14, వెల్డా సైరన్ నొక్కింది. నా వేలు కూడా బటన్ మీదే ఉంది. అరసెకను ఆలస్యమైంది."

డేల్ టేబర్ తినబోతున్న డోనట్ కిందికి దించాడు.

చివరికి లుసిల్‌ది. "2:14. ఆడమనిషి. అడ్రస్ చెప్పకముందే సైరన్. ఆ తర్వాత ఒకతి అరుస్తోంది, ఒకతి అరవొద్దంటోంది. గడియారం నాలుగు కొట్టింది. ఎవరి గడియారమో నాకు తెలీదు. నా మోకాలు నొప్పి."

మగవాళ్లు నవ్వారు. చీఫ్ నవ్వలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇద్దరూ నిజం రాశారు. అది నేను మర్చిపోను. ఇవాళ్టి నుంచి ఒక కొత్త రూలు. అడ్రస్ ఒకరు రాసుకుంటే చాలదు. రెండో గొంతు దాన్ని తిరిగి చదవాలి. రెండో గొంతు వినిపించేదాకా ఎవరి వేలూ బటన్ దగ్గరికి పోకూడదు." ఆగి అన్నాడు. "పదేళ్లలో లుసిల్ ఒక్కసారి కూడా సైరన్ ముందు నొక్కలేదు."

"నా మోకాళ్లు నొక్కనిచ్చేవి కాదు, చీఫ్," అంది లుసిల్.

"కుర్చీ నీది, లుసిల్."

లుసిల్ నోటీసు బోర్డు మీది బొమ్మ వైపు అనుమానంగా చూసింది. "చక్రాలున్నదా? జారి పడతానేమో. చక్రాలు తీయించి ఇవ్వండి."

వెల్డా తల తిప్పింది. సరిగ్గా అప్పుడే మోరీన్ కూడా తిప్పింది. ఇద్దరి ముఖాల్లోనూ ఒకటే ఉంది.

"చక్రాలు తీయించేస్తుందట," అంది మోరీన్ గొంతు తగ్గించి.

"ముసల్దానికి అవి వృథా," అంది వెల్డా. "ఆ తోలు మీద అల్లిన కవరు కూడా వేస్తుంది, చూడు."

"పువ్వులున్నది."

"ఊదారంగు పువ్వులు."

లుసిల్ మూడో డోనట్ తీసుకుంటోంది. ఆవిడకి అదృష్టం పట్టిందన్న సంగతి ఆవిడకే పట్టలేదు. దాంతో ఇద్దరికీ ఇంకా ఒళ్లు మండింది.

డిసెంబరులో కొత్త స్టేషన్ తెరిచారు. వెల్డా, మోరీన్ వంటిళ్లలో బటన్లు పీకేశారు. వెల్డా గోడ మీద రూపాయి బిళ్లంత తెల్లటి మచ్చ మిగిలింది. ఎర్ర ఫోన్లు మాత్రం తీయలేదు, రెండో గొంతు కోసం.

మొదటి కాల్ గురువారం ఉదయం వచ్చింది. వెల్డా రొట్టె పిండి చేతులతోనే ఎత్తింది. లుసిల్ మాట్లాడుతోంది. ఎంత నెమ్మదిగా అంటే వెల్డాకి గోడ గీకాలనిపించింది. ఎవరిదో పొగగొట్టంలో మంట. లుసిల్ అడ్రస్ అడిగింది, రాసుకుంది, పెన్సిలు విరిగిందంది, ఇంకొకటి తీసుకుంది.

"రెండో గొంతు?" అంది లుసిల్.

"ఎనిమిది వందల నాలుగు, పాత పాలకేంద్రం రోడ్డు!" అన్నారు వెల్డా, మోరీన్, ఒకే శ్వాసలో, ఒకరి మాట మీద ఒకరు పడి.

"ఒకరు చాలు," అంది లుసిల్, తీరిగ్గా సైరన్ నొక్కింది.

ఫోను పెట్టేశాక వెల్డా నోట్‌బుక్కు తెరిచి, అంచున ఒక నక్షత్రం వేసింది. కాసేపు దానికేసి చూసి, నల్ల ఫోను తీసి, క్లోవర్ లేన్ నంబరు తిప్పింది.

"నేనే ముందు," అంది.

"అరసెకను ముందు నేనే," అంది మోరీన్ ఆ వెచ్చటి గొంతుతో. "సరేగానీ, ఎందుకు చేశావు?"

"కొట్టుకెళ్లాలి. రొట్టెలోకి ఈస్టు అయిపోయింది." వెల్డా ఆప్రన్‌కి చేతులు తుడుచుకుంది. రెండేళ్లలో ఎప్పుడూ ఆ నంబరుకి చెప్పని మాట చెప్పింది. "ఫోను నీది."

అటువైపు కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"ఫోను నాది," అంది మోరీన్.

మరీ అంత సంతోషంగా అనక్కర్లేదు, అనుకుంటూ వెల్డా చెప్పులేసుకుంది.